నాలుగో సాక్షి చెల్లెలు

ఫిబ్రవరి 3, సోమవారం

కిటికీ ఉన్న గది అక్కకి ఇచ్చేసింది అమ్మ. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నా మంచం ముందు గదిలో, కుట్టుమిషను పక్కన గోడకి ఆనించి ఉంది. నా పుస్తకాలన్నీ ఒక బుట్టలో సర్ది పెట్టింది. సర్దడం బాగానే సర్దింది. అడగడమే మర్చిపోయింది.

"దానికి గాలి కావాలే. తలుపు మూస్తే ఊపిరాడదంట" అంది.

నిజమే. పరాయి దేశంలో, బయట తాళం వేసిన చేపల షెడ్డులో ఎనిమిదేళ్లు పడుకున్న మనిషికి కిటికీ కావాలి. కాదని నేనెలా అంటాను? అక్క తిరిగొచ్చి పదకొండు నెలలైంది. ఈ పదకొండు నెలల్లో దేనికీ కాదనలేకపోయాను. ఎవరి అక్క అయినా పెద్ద చదువుకో, పెద్దింటి కోడలుగానో వెళ్తే, చెల్లెలు కుళ్లుకుందంటే లోకం నవ్వి ఊరుకుంటుంది. మా అక్క వెళ్లొచ్చిన చోటుని చూసి కుళ్లుకునే చెల్లెలు ఎక్కడైనా ఉంటుందా?

నేను కుళ్లుకోవడం లేదు. గది గురించి రాసుకుంటున్నాను, అంతే.

ఫిబ్రవరి 6, గురువారం

పొద్దున అమ్మ అక్కకి తల దువ్వుతోంది. ముప్పై ఏళ్ల మనిషికి. మంచునీళ్లలో చేపలు కోసి కోసి అక్క వేళ్లు ముడుచుకోవు, దువ్వెన జారిపోతుంది. కాబట్టి ఎవరో ఒకరు దువ్వాలి. అదీ నిజమే.

గుమ్మంలో చెప్పులేసుకుంటూ "అమ్మా, వెళ్తున్నా" అన్నాను. రెండుసార్లు అన్నాను. తల తిప్పకుండానే ఊఁ కొట్టింది. అక్క మాత్రం, బస్సులో కూర్చోడానికి చోటు దొరుకుతుందా నీకు, అని అడిగింది. వచ్చినప్పటినుంచీ నన్ను ఇలాంటివే అడుగుతుంది, చుట్టాలింటి పిల్లని పలకరించినట్టు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నాన్న పోయాక, అక్క వెళ్లాక, ఈ పెరట్లో మిగిలిన చెట్టుని నేనే. అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్లింది నేను, అమ్మ కన్నీళ్లు తుడిచింది నేను, అద్దె ఇల్లు మారినప్పుడల్లా గిన్నెలు కట్టింది నేను. అమ్మ అప్పుడు కూడా అక్క గురించే ఏడ్చేది. లేని మనిషితో పోటీ పడలేకపోయాను. ఉన్న మనిషితో అసలే పడలేను.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఆఫీసులో, భోజనాల వేళ రాస్తున్నాను.

శాసనసభలో కొత్త కమిటీ కూర్చుంది. మాయమాటలు చెప్పి మనుషుల్ని తీసుకుపోయి అమ్మేసేవాళ్ల మీద చట్టం చేస్తున్నారు. ఆ బిల్లుని ముక్క ముక్కా చూడ్డానికి పదకొండు మంది శాసనసభ్యులు. వాళ్ల మాటలు రాయడానికి రిపోర్టర్లం ఇద్దరం, నేనూ కళ్లజోడావిడా. పది నిమిషాలు ఆవిడ, పది నిమిషాలు నేను. అన్నది అన్నట్టు రాయాలి, ఒక్క అక్షరం మార్చకూడదు. ఐదేళ్లుగా ఇదే పని. ఈ చెయ్యి తప్పు రాయదని మా సెక్షన్ ఆఫీసరు ఒకసారి పదిమందిలో అన్నాడు. ఆ మాట ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. ఆ రోజు అక్క గురించి కాకుండా నా గురించి అమ్మ పక్కింటావిడతో మాట్లాడింది.

సాక్షుల జాబితా వచ్చింది. పేర్లుండవు, అంకెలే. నాలుగో సాక్షి: స్త్రీ, ముప్పై ఏళ్లు, చేపల షెడ్డు, స్వదేశంలో కేసు పెండింగు.

కేసు ఏమిటంటే, దొంగ కాగితాలతో దేశం దాటడం. కాగితాలు చేయించింది ఏజెంటు. పట్టుబడ్డది అక్క. అక్కడ ఏడు నెలలు జైల్లో పెట్టి పంపారు, ఇక్కడ దిగగానే ఇంకో కేసు పెట్టారు.

అక్క కమిటీ ముందుకొస్తున్నట్టు ఇంట్లో నాకెవరూ చెప్పలేదు. ఆఫీసు కాగితం మీద చదివి తెలుసుకున్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

కమిటీ అధ్యక్షురాలు మా ఇంటికొచ్చింది. సాక్షులకి ధైర్యం చెప్పడానికి ప్రతి ఇంటికీ వెళ్తోందట. అక్క పక్కన మంచం మీద కూర్చుని, అక్క చెయ్యి తన చేతిలోకి తీసుకుని గంటసేపు మాట్లాడింది. నేను టీ ఇచ్చాను. ఐదేళ్లుగా సభలో ఆమె అన్న ప్రతి మాటా నా చేతి మీదుగానే కాగితమెక్కింది. ఆమె ఏ మాట దగ్గర ఊపిరి తీసుకుంటుందో నాకు తెలుసు.

ఈ అమ్మాయి ఎవరని అమ్మని అడిగింది.

"చిన్నదండి. మీ ఆఫీసులోనే ఏదో టైపు పని" అంది అమ్మ.

ఏదో టైపు పని.

వెళ్లేటప్పుడు అధ్యక్షురాలు అక్కతో, నీలాంటివాళ్లు చెప్తేనే మాకు తెలుస్తుంది, మేం ఏసీ గదుల్లో కూర్చుని రాసే చట్టాలు మీ దాకా రావట్లేదు అంది. అక్క నవ్వి, మీ దాకా మేం రావడానికే ఇన్నేళ్లు పట్టింది కదండీ అంది. అందరూ నవ్వారు. ఎక్కడ నేర్చుకుంది ఇంత తెలివిగా మాట్లాడ్డం? చిన్నప్పుడూ అంతే. నేను వారం రోజులు బట్టీ పట్టిన పద్యం అది ఒక్కసారి విని అప్పజెప్పేది.

ఫిబ్రవరి 18, మంగళవారం

సాక్షి నా అక్క అని సెక్షన్ ఆఫీసరుకి చెప్పాలి. నియమం అది. చెప్తే ఆ రోజు నన్ను తప్పించి వేరేవాళ్లని వేస్తాడు. చెప్పలేదు. వినాలనుంది. ఇంట్లో నేను రాగానే మాటలాపేస్తారు, అక్కడైనా విందామని.

అక్క వెళ్లినప్పుడు నాకు పదిహేను. అక్కకి ఇరవై. వీధి చివర టోపీ మామయ్య అని ఉండేవాడు. ఎండైనా వానైనా నెత్తిన టోపీ ఉండేది. అందరికీ టోపీ పెట్టేవాడని తర్వాత తెలిసింది. పరాయి దేశంలో హోటల్లో పని, కొత్త బట్టలు, ఏడాదికోసారి సెలవు అన్నాడు. అమ్మ నమ్మింది. నేనూ నమ్మాను. నమ్మి, వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు, నన్నెందుకు తీసుకెళ్లరని.

అప్పుడప్పుడూ వచ్చి, మీ అమ్మాయి మహారాణిలా ఉంది, అక్కడే పెళ్లి చేసుకుంది, మీరు గుర్తులేరు దానికి అనేవాడు. మూడేళ్ల తర్వాత అతనూ కనిపించకుండా పోయాడు. ఆ ఏడే ఒకసారి మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. అటు నుంచి మాట సరిగ్గా వినపడలేదు. రాంగ్ నంబరు.

ఇదెందుకు రాశానో.

ఫిబ్రవరి 25, మంగళవారం

ఈరోజు నాలుగో సాక్షి వంతు.

సాక్షి ముఖం కనపడకుండా సభ్యులకీ ఆమెకీ మధ్య తెర కట్టారు. రిపోర్టర్ల బల్ల తెరకి పక్కగా ఉంటుంది. అంటే ఆ గదిలో అక్కని చూడగలిగింది నేనూ కళ్లజోడావిడా మాత్రమే. అక్క లోపలికి వచ్చి, నన్ను చూసి, ఒక్క క్షణం ఆగి, కుర్చీలో కూర్చుంది. ఇక నా వైపు చూడలేదు.

మొదటి పది నిమిషాలు కళ్లజోడావిడ వంతు. నేను ఊరికే విన్నాను. అక్క ఎక్కడా ఏడవలేదు. తెల్లవారుజామున మూడింటికి లారీ వచ్చేదని, రోజుకి ఒక్కొక్కరూ ముప్పై బుట్టల చేపలు కోయాలని, కాగితాలు యజమాని ఇనప్పెట్టెలో ఉండేవని, చెయ్యి తెగితే పసుపురంగు టేపు చుట్టి మళ్లీ కూర్చోబెట్టేవాళ్లని చెప్పింది. పోలీసులు పట్టుకున్న రోజు గురించి అధ్యక్షురాలు అడిగింది.

"పోలీసులొచ్చాక ప్రాణం లేచొచ్చిందండి. వాళ్లు ముందు నా కాగితాలడిగారు. ఇక్కడికెలా వచ్చావని ఎవరూ అడగలేదు. నన్ను తీసుకెళ్లినవాడి మీద ఈరోజుకీ ఒక్క కేసు లేదు. నా మీద రెండున్నాయి."

పదకొండు మంది పెద్దవాళ్లు మా అక్క మాట కోసం ముందుకి వంగి కూర్చున్నారు. నాలో లేచింది జాలి అనుకున్నాను. జాలి కాదు. నేను ఐదేళ్లుగా ఆ గదిలో కూర్చుంటున్నాను, నా వైపు ఎవరూ అలా వంగలేదు.

తర్వాత నా వంతు వచ్చింది. ప్రశ్న సవరణల సారుది. ఆయన వకీలు. ప్రతి ప్రశ్నకీ ముందు గొంతు సవరించుకుంటాడు, ప్రతి బిల్లుకీ సవరణలు పెడతాడు, అందుకని మా రిపోర్టర్ల గదిలో ఆ పేరు. చెడ్డవాడు కాదు. అడిగినది వదలడు.

"ఎనిమిదేళ్లలో ఇంటికి ఒక్కసారైనా ఫోన్ చేశారా అమ్మా?"

నేను "(విరామం)" అని రాశాను.

"లేదండి."

"అవకాశం రాలేదా?"

"వచ్చిందండి. చేయలేదు."

నా చెయ్యి ఆగలేదు. ఈ చెయ్యి తప్పు రాయదు. వచ్చింది, చేయలేదు. అలాగే రాసింది.

ఫిబ్రవరి 26, బుధవారం

టైపు పూర్తయింది. ఆ రెండు జవాబులూ నలభై ఒకటో పేజీలో ఉన్నాయి.

ఫిబ్రవరి 28, శుక్రవారం

రాంగ్ నంబరు కాదు.

మాట సరిగ్గానే వినపడింది. అక్క గొంతు. అమ్మకివ్వు అంది. నాకు పద్దెనిమిదేళ్లు. షార్ట్‌హ్యాండు పరీక్షకి ఇంకా రెండు రోజులుంది. అమ్మ జ్వరంతో లోపల పడుకుని ఉంది. అక్క వెళ్లాక మొదటిసారి ఆ నెలలోనే అమ్మ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, బాగా రాయమ్మా అంది. నేను ఫోన్లో ఇలా అన్నాను: "మహారాణివి కదా, ఇన్నాళ్లకి గుర్తొచ్చామా? అమ్మ ఇప్పుడిప్పుడే నిన్ను మర్చిపోతోంది. మళ్లీ చెయ్యకు." పెట్టేశాను. మళ్లీ మోగింది. వైరు లాగేశాను.

టోపీ మామయ్య మాటలు నమ్మాను కాబట్టి అన్నాను. అక్క ఎక్కడుందో తెలిస్తే అనేదాన్నా? అనేదాన్ని కాదుగా. తెలియక చేసిన తప్పు తప్పు కాదంటారు.

సాయంత్రం దాకా వైరు ఎందుకు పెట్టలేదు మరి?

మార్చి 6, గురువారం

సవరణల సారు సవరణ పెట్టాడు. పన్నెండో క్లాజుకి.

పన్నెండో క్లాజు అక్కలాంటివాళ్ల కోసం. బలవంతం మీద చేసిన నేరాలకి, అంటే దొంగ కాగితాలకీ సరిహద్దు దాటడానికీ, అమ్ముడుపోయినవాళ్ల మీద కేసు పెట్టకూడదు, నడుస్తున్న కేసులు మూసేయాలి అని. ఆయన దానికి ఒక వాక్యం తగిలించాడు: మొదటి అవకాశంలోనే సహాయం కోరినవారికి మాత్రమే ఈ రక్షణ వర్తిస్తుంది.

ఆయన వాదన కూడా నేనే రాశాను. అసలు దొంగలు కూడా మేం బాధితులమే అని ఈ క్లాజు చాటున దాక్కుంటారు, ఒక గీత గీయాలి అన్నాడు. "నలభై ఒకటో పేజీ చూడండి. నాలుగో సాక్షే చెప్పింది, అవకాశం వచ్చిందని, చేయలేదని. ఎనిమిదేళ్లు ఇంటికి ఫోన్ కూడా చేయని మనిషి బలవంతం మీదే ఉందని మనం ఎలా అనుకోవాలి?"

అధ్యక్షురాలి ముఖం చిన్నబోయింది. మొన్న ముందుకి వంగినవాళ్లలో నలుగురు తలలూపారు.

నేను నిజం రాస్తాను ఇక్కడ. ఎవరూ చదవరు కాబట్టి. వాళ్లు తలలూపినప్పుడు, ఒక్క క్షణం, రెప్పపాటు, నాకు బాగుంది.

మార్చి 7, శుక్రవారం

ఏమీ తినబుద్ధి కాలేదు.

మార్చి 10, సోమవారం

సభ్యుల దగ్గరున్నవి చిత్తు ప్రతులే, అచ్చయ్యేదే లెక్క. నలభై ఒకటో పేజీ ఇంకా ప్రెస్సుకి పోలేదు. నా దగ్గరే ఉంది. "వచ్చిందండి" తీసేసి "రాలేదండి" పెడితే చాలు. అక్షరాలు కూడా దాదాపు అన్నే. కళ్లజోడావిడ బయటికెళ్లింది. పేజీ తెరిచి పావుగంట కూర్చున్నాను.

మార్చలేదు. మంచిదాన్నని కాదు. నాకున్నది ఇదొక్కటే, ఈ చెయ్యి తప్పు రాయదన్న పేరు. అది కూడా అక్క కోసం పోగొట్టుకోవాలా అనిపించింది.

అక్క వారానికి మూడు రోజులు ఆశ్రయానికి వెళ్తుంది. కొత్తగా పట్టుబడి వచ్చిన ఆడపిల్లలుంటారు అక్కడ. వాళ్లకి అన్నం తినిపిస్తుంది, కోర్టుకి తోడు వెళ్తుంది. పద్నాలుగు మందట. పద్నాలుగు మంది మీదా కేసులే. ఈ సాయంత్రం వాళ్ల గురించి అమ్మతో చెప్తుంటే, పన్నెండో క్లాజు అనడం వినపడింది. సవరణ సంగతి వాళ్లకింకా తెలీదు.

మార్చి 12, బుధవారం

అమ్మ సంతకి వెళ్లింది. అక్క కిటికీ గదిలో బట్టలు మడతపెడుతోంది. ఆ వేళ్లతో మడత సరిగ్గా రాదు, అయినా పెడుతుంది. వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. సవరణ సంగతి చెప్పాను. ఫోన్ చేయలేదని ఎందుకన్నావని అడిగాను.

"నువ్వక్కడ కూర్చుని రాస్తున్నావు. నీ ముఖం మీదే నువ్వన్నదెలా చెప్పను?"

"నా కోసం చెప్పలేదా?"

"నీ కోసం అనుకోకు" అంది, మడత ఆపకుండా. "ఆ ఫోన్ కోసం షెడ్డు యజమాని కొడుకు కాళ్లు పట్టుకున్నాను. మూడు నెలలు పట్టుకున్నాను. నువ్వన్నది గుర్తుందా నీకు? నాకు గుర్తుంది. ఆ తర్వాత ఐదేళ్లు తలుపు తీసున్నా పారిపోలేదు నేను. ఎక్కడికి పారిపోతాను? ఆ మాట పదిమందిలో నా నోటితో అంటే మళ్లీ వినాలి. వినలేను. అందుకని చెప్పలేదు."

నేను అక్క దగ్గరికెళ్లి కాళ్ల మీద పడతాననుకున్నాను. పడలేదు. నన్ను కాపాడ్డానికి అబద్ధమాడిందని రెండు వారాలుగా లోపల లోపల అనుకుంటున్నాను. ఆ గొప్పతనానికి కూడా కుళ్లుకున్నాను. అక్క ఆలోచనలో నేను అంత పెద్ద మనిషిని కూడా కానని ఇప్పుడు తెలిసింది.

"నన్ను తిట్టొచ్చు కదా" అన్నాను.

"తిడితే నువ్వు తేలికైపోతావు."

బట్టలు బీరువాలో పెట్టి, టీ పెడతాను తాగుతావా అని అడిగింది. తాగాను.

మార్చి 14, శుక్రవారం

సెక్షన్ ఆఫీసరుకి చెప్పాను. నాలుగో సాక్షి మా అక్క, దాచాను అన్నాను. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మెమో వస్తుందమ్మా, ఇక కమిటీ గదుల్లోకి నిన్ను పంపడం కుదరదు అన్నాడు. కుదరదని తెలుసన్నాను. ఒక అర్జీ ఇచ్చాను, నేనూ కమిటీ ముందు చెప్పుకోవాలని. సాక్ష్యాలకి గడువు ఇరవయ్యో తేదీ దాకా ఉంది. ఏం చెప్తావని ఆయన అడగలేదు.

మార్చి 15, శనివారం

కమిటీలో చెప్పేముందు అమ్మకి చెప్పాలి. చెప్పాను. వంటింట్లో, అమ్మ నిలబడి ఉండగా.

"ఎప్పుడు?" అంది.

"నీకు జ్వరం వచ్చినప్పుడు. మధ్యాహ్నం. నువ్వు నిద్రపోతున్నావు."

"నేను నిద్రపోలేదు. ఫోన్ మోగడం విన్నాను. ఎవరే అని అడిగాను. రాంగ్ నంబరన్నావు."

అడిగిందని నాకు గుర్తులేదు. ఇప్పటికీ గుర్తు రావడం లేదు. కానీ అమ్మ చెప్పాక, అది జరిగిందని తెలుసు.

అమ్మ పొయ్యి ఆపి, పెరట్లోకి వెళ్లి కూర్చుంది. అక్క వెళ్లి పక్కన కూర్చుంది. నేను కిటికీలోంచి చూశాను.

మార్చి 18, మంగళవారం

అమ్మ కంచం పెడుతుంది. మాట్లాడదు.

మార్చి 20, గురువారం

తొమ్మిదో సాక్షిని నేను. తెర వద్దన్నాను. కళ్లజోడావిడ పక్కన నా కుర్చీలో కొత్త కుర్రది కూర్చుంది, పెన్ను గట్టిగా పట్టుకుని.

జరిగినది చెప్పాను. ఏ నెల, ఏ వేళ, అక్క ఏమంది, నేనేమన్నాను. సవరణల సారు గొంతు సవరించుకుని, ఎందుకు పెట్టేశారని అడిగాడు.

"అసూయండి."

ఆయన ఇంకా ఏదో వస్తుందని చూశాడు. ఇంకేం లేదు. నేను ఇంతకుముందు ఆ మాట నోటితో ఎప్పుడూ అనలేదు, ఈ పుస్తకంలో కూడా అటూ ఇటూ తిప్పే రాశాను. అంటే ఇంత చిన్న మాటా అనిపించింది.

ఆయన కాగితాలు సర్దుకుని, అయితే ఇబ్బందేం లేదు అన్నాడు. మెత్తగానే అన్నాడు. "నాలుగో సాక్షి మొదటి అవకాశంలోనే సహాయం కోరింది. మీరు రుజువు చేశారు. నా సవరణ ప్రకారం ఆమెకి రక్షణ వస్తుంది. చట్టం పనిచేసినట్టే కదమ్మా?"

ఇది నేను అనుకోలేదు. నేను వచ్చిన పని అయిపోయింది. అక్క బయటపడుతుంది. లేచి వెళ్లిపోవచ్చు. అధ్యక్షురాలు నా వైపే చూస్తోంది. ఆమెకి నేనెవరో తెలుసిప్పుడు. ఇలా తెలియాలని కాదు నేను కోరుకుంది.

"ఆశ్రయంలో పద్నాలుగు మందున్నారు సార్" అన్నాను. "వాళ్లలో ఎంతమంది ఫోన్ చేశారో, అవతల ఎవరు పెట్టేశారో ఎవరికి తెలుసు? పెట్టేసినవాళ్లు వచ్చి ఒప్పుకుంటేనే వాళ్లకి చట్టమా? నేను ఏడేళ్లు ఒప్పుకోలేదు. ఈ ఆఫీసులో పని చేయకపోతే ఎప్పటికీ ఒప్పుకునేదాన్ని కాదు. అక్కడ తాళం వేసినవాడి తప్పు, ఇక్కడ ఫోన్ పెట్టేసినదాని తప్పు. రుజువు మాత్రం మా అక్క తేవాలా?"

కొత్త కుర్రది "(విరామం)" అని రాసి ఉంటుంది. రాయాలని దానికి తెలుసో లేదో.

"మరి దొంగలు దాక్కుంటే?" అన్నాడు చివరికి.

అధ్యక్షురాలు అందుకుంది. దొంగ దొంగేనని రుజువు చేయడం పోలీసుల పని, దొంగని కానని రుజువు చేసుకోవడం తాళంలో ఉన్న పిల్ల పని కాకూడదు అంది. ఆ మాట దగ్గర ఊపిరి తీసుకుంది. అక్కడ తీసుకుంటుందని నాకు తెలుసు.

మార్చి 27, గురువారం

సవరణ వీగిపోయింది. ఐదుగురు అటు, ఆరుగురు ఇటు. సవరణల సారు అటే వేశాడు, అసమ్మతి కూడా రాయించాడు. మాట మార్చే మనిషి కాదు. కానీ బయటికొచ్చేటప్పుడు వరండాలో నా ముందు ఆగి, మీ అక్కగారికి నా నమస్కారం చెప్పండి అన్నాడు. మీ అక్కగారికి.

నా మెమో కూడా ఈరోజే వచ్చింది. పాత రికార్డుల గదికి మార్చారు. కింది అంతస్తు. అక్కడ ఎవరూ మాట్లాడరు, రాయడానికేం ఉండదు.

ఏప్రిల్ 9, బుధవారం

సభలో బిల్లు ఆమోదం పొందింది. నేను కింద గదిలో పాత సంపుటాల దుమ్ము దులుపుతున్నాను. పైన బల్లలు చరిచిన చప్పుడు వినపడింది. కళ్లజోడావిడ మెట్లు దిగొచ్చి చెప్పింది, పన్నెండో క్లాజు ఉన్నదున్నట్టు పాసైందని. ఇకనుంచి ఏజెంటు తన పేరు, చిరునామా, ఎవరెవరిని ఎక్కడికి పంపాడో ప్రభుత్వానికి రాసివ్వాలట. టోపీ మామయ్యలు ఇక టోపీ తీసి ముఖం చూపించాలి.

అధ్యక్షురాలు తన ప్రసంగంలో నాలుగో సాక్షికి కృతజ్ఞతలు చెప్పిందట.

"తొమ్మిదో సాక్షికి?" అని అడిగాను. నవ్వుతూనే అడిగాను.

అడిగాక నేనే సిగ్గుపడి సంపుటం తెరిచాను.

మే 20, మంగళవారం

కోర్టులో అక్క కేసు మూసేశారు. నాలుగు నిమిషాలు పట్టింది. జడ్జిగారు చదివారు, గుమాస్తా ముద్ర వేశాడు. అక్క ఆ గుమాస్తాని, ఇంకోసారి చదువుతారా అని అడిగింది. అతను విసుక్కుంటూ చదివాడు. అక్క వేళ్లు ముడవలేక రెండు చేతుల మధ్యా కాగితం పట్టుకుంది. ఆశ్రయం నుంచి ముగ్గురు పిల్లలొచ్చారు, వాళ్లవి కూడా ఈ నెలలోనే.

అమ్మ అక్కని పట్టుకుని ఏడ్చింది. నేను చెప్పుల దగ్గర నిలబడ్డాను. కాసేపటికి అక్క నా దగ్గరికొచ్చి, "ఆరోజు కమిటీలో నువ్వు చెప్తుంటే వరండాలో కూర్చుని విన్నాను. తలుపు తీసే ఉంది" అంది. వింటే ఎలా అనిపించిందని నేనడగలేదు. అది చెప్పలేదు. క్షమించానని కూడా అనలేదు. బస్సులో నా పక్కన కూర్చుంది.

జూన్ 15, ఆదివారం

అక్క ఆశ్రయానికి వెళ్లింది. నేను ముందు గదిలో బట్టలకి గుండీలు కుట్టుకుంటున్నాను. అమ్మ వచ్చి నా మంచం మీద కూర్చుంది. నాతో మాట్లాడి మూడు నెలలైంది. కంచం పెట్టడం, నీళ్లు పెట్టడం, అంతే. ఏమంటుందోనని సూది పక్కన పెట్టాను. మెమో గురించి అడుగుతుందేమో, రికార్డుల గదిలో ఎలా ఉందని అడుగుతుందేమో అనుకున్నాను. చెప్పడానికి మాటలు కూడా వెతుక్కున్నాను.

"ఆ రోజు దాని గొంతు ఎలా ఉంది?" అంది.

నాకు అలవాటైన మంట లేచింది. మూడు నెలలకి నోరు విప్పితే అదీ అక్క గురించేనా? గుండీ వేళ్ల మధ్య నలుపుతూ కూర్చున్నాను. అమ్మ నా ముఖం వైపు చూడటం లేదు, నా నోటి వైపు చూస్తోంది. అప్పుడర్థమైంది. ఆ ఫోన్ అమ్మకి ఇంకా రాలేదు. ఇన్నేళ్లూ నా దగ్గరే ఉంది. కమిటీలో పదకొండు మందికి వినిపించాను, అమ్మకి వినిపించలేదు. వంటింట్లో ఫోన్ వచ్చిందని చెప్పాను, పెట్టేశానని చెప్పాను. అది ఏమందో చెప్పలేదు.

"జలుబు చేసినట్టు బొంగురుగా ఉంది" అన్నాను. "వెనక నీళ్లు పడుతున్న చప్పుడు. ముందు నన్ను, పరీక్షలకి చదువుతున్నావా అని అడిగింది. తర్వాత, అమ్మ భోంచేసిందా అంది. అమ్మకివ్వు, ఒక్క నిమిషమే ఉంది నాకు, అంది."

"ఊఁ. తర్వాత?"

తర్వాతది నా మాట. అది కూడా అన్నది అన్నట్టు చెప్పాను.